గమ్మునున్న పార్టీ

ఎన్నికలకు నలభై రెండు రోజులు

ఇది పార్టీ రికార్డు కాదు. ఆ రికార్డు రాసేదీ నేనే, కాబట్టి అందులో నిజం ఎంత ఉంటుందో నాకు తెలుసు. ఇది నా సొంత పుస్తకం. నా పేరు కంబగిరి. పైనేల పార్టీకి ఇరవై ఆరేళ్ళుగా కార్యదర్శిని. ఈ రోజు అధ్యక్షుణ్ణి కావలసినవాణ్ణి. కాలేదు. నోటికాడి ముద్దను నా చేత్తో నేనే నేలపాలు చేసుకున్నాను.

పొద్దున అద్దాల బావిలోంచి ఎండ భూమి లోపలి మా కిందూరులోకి దిగి, నాలుగో అంతస్తు గోడల మీద పడగానే పార్టీ ఆఫీసులో ఓట్లు వేశాం. కార్యవర్గం ఇరవై ఎనిమిది మంది. నాకు పద్నాలుగు, ఉపాధ్యక్షుడు మద్దిలేటికి పద్నాలుగు. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. అందరం ఉగ్గాని తిని, చేతులు కడుక్కుని మూడోసారి వేశాం. అప్పుడూ అంతే.

మద్దిలేటి మీసం తుడుచుకుంటూ అన్నాడు. "కొట్లాట ఏంటికి కంబగిరీ? ముందు రెండేళ్ళు నేనుంటా, తర్వాత రెండేళ్ళు నువ్వుండు."

న్యాయమైన మాటే. కానీ "ముందు" అన్నాడు చూడండి, అది గుచ్చుకుంది. నాకు ఒక కన్ను పోయినా సరే వాడికి రెండూ పోవాలనిపించింది. పార్టీ నియమావళి బయటికి తీశాను. పందొమ్మిదో నియమం: మూడుసార్లు సమానంగా వస్తే సభ్యులందరి పేర్లూ చీటీలు వేసి తీయాలి. ఆ నియమం ఉందని నాకు తప్ప ఎవరికీ తెలియదు. మూడు వందల పదకొండు మంది సభ్యుల్లో సగం మంది ఆదివారం పార్టీ మజ్జిగ పోస్తుందని చేరినవాళ్ళే. ఎవడో అమాయకుడు తగులుతాడు, కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టి పెత్తనం నేను చేస్తాను, మద్దిలేటి గోళ్ళు గిల్లుకుంటాడు. ఇదీ నా లెక్క.

చీటీ నేనే తీశాను. హుసేనమ్మ. ఆరో అంతస్తు. గాలిగొట్టాలు శుభ్రం చేసే పని.

మనిషిని పంపితే గంటకు వచ్చింది. యాభై ఐదేళ్ళు ఉంటాయి. కొంగు నడుముకు దోపుకుని, కనుబొమల మీద దుమ్ముతో గుమ్మంలో నిలబడింది.

"మజ్జిగ ఇస్తాండారా సార్? చెంబు తేలేదే" అంది.

ఎన్నికలకు ముప్పై ఎనిమిది రోజులు

నేను అనుకున్నది అనుకున్నట్టే జరుగుతుందన్న ధీమాతో ఆమెకు గొంతుపెట్టె చూపించాను. కిందూరులో ప్రతి ఇంటికీ గాలి ఒక గొట్టంలో వస్తుంది, అక్కడి నుంచే కింది ఇళ్ళకు పోతుంది. ఆ గొట్టం వంపులోనే ఇంట్లోకి మాట వినిపించే పలుకుబిళ్ళ ఉంటుంది. గొంతుపెట్టెలో మనం రాసింది వేస్తే, ఏ ఇంటికి ఏది నచ్చుతుందో అది చూసుకుని, ఆ ఇంటికి తగ్గట్టు మార్చి చెబుతుంది. పైకి, నేల మీదికి పోవాలనుకునే ముసలాయనకు "పైకి తీసుకుపోతాం". పైకి పోవాలంటే హడలిపోయే కోడలికి "ఎవరినీ బలవంతంగా తీసుకుపోం". రెండూ మా పార్టీ మాటలే, రెండూ నేను రాసినవే. మాకు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా సమయం. మిగతా సమయంలో ఎక్కువ భాగం చలువ పార్టీది, ఎందుకంటే అధికారం వాళ్ళది.

ఇది నా విద్య. ఈ ఊళ్ళో దీన్ని నాలాగా వాయించగలవాడు ఇంకొకడు లేడు. ఒకప్పుడు కౌన్సిల్లో నలభై స్థానాలకు ముప్పై ఒకటి మావి. ఇప్పుడు మూడు. ఈసారి అయిదుకు తగ్గితే పార్టీ పేరే కొట్టేస్తారు, ఈ గది కూడా ఉండదు. అది వేరే సంగతి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ నేరం నా పెట్టె మీద వేసేవాళ్ళు పార్టీలో చాలామంది ఉన్నారు.

హుసేనమ్మ చేత నాలుగు మాటలు పలికించి, ఆమె గొంతు పెట్టెలోకి ఎక్కించాను. ఇక ఆమె నోరు తెరవక్కర్లేదు, నేను రాస్తే చాలు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"ఇదంతా ఎవరు వింటారు సార్?"

"నాలుగు వేల ఇళ్ళు వింటాయి" అన్నాను.

"ఊహూ" అంది. అదేంటని నేను అడగలేదు. అడగాల్సింది.

ఎన్నికలకు ముప్పై మూడు రోజులు

ఈ రోజు జరిగింది కోపంతోనే రాస్తున్నాను.

కార్యవర్గ సమావేశానికి హుసేనమ్మ మూడు గోనె సంచులు మోసుకొచ్చింది. బల్ల మీద బోర్లించింది. గుడ్డలు. చిరిగిన లుంగీలు, పాత దుప్పటి ముక్కలు, ఉండలు చుట్టి తాడుతో కట్టిన రవిక గుడ్డలు.

"ఇవి నాలుగో అంతస్తులో ఒక్క వీధివే. రెండు దినాల్లో తీసినా" అంది. "పెట్టె పలికిందంటే ప్రతి ఇంట్లో గొట్టానికి గుడ్డ పెట్టేస్తారు. వినలేక. మీదొచ్చినా పెడతారు, చలువోళ్ళదొచ్చినా పెడతారు. ఒక్కొక్కరు తాము మాత్రమే పెడతాండామని అనుకోనుండారు. మాట ఆపొచ్చు గానీ గాలి గూడా ఆగిపోతాది గదా సార్? గాలి ముందుకు పోక వెనక్కి మళ్ళుతాది. ఆఖర్న ఉండేది మేము. ఆరో అంతస్తులో గాలిముల్లు పన్నెండు మీద ఉండాల్సింది ఏడు మీద ఉంది. పిల్లోళ్ళు బడిలో కూచున్నట్టే తల వాలుస్తాండారు."

గాలి ఎంత అందుతోందో చూపే ఆ ముల్లు అయిదుకు పడితే మనిషి పడిపోతాడు. అది అందరికీ తెలుసు. ఇన్ని ఇళ్ళలో గుడ్డలున్న సంగతి మాత్రం గొట్టాల పనివాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు ఏళ్ళ తరబడి కౌన్సిలుకు రాసి ఇచ్చారట. చదివినవాడు లేడు.

నేను ఆ కుప్పలో ఒక నీలం ముక్క చూశాను. తెల్ల చుక్కల అంచు. నా భార్య సుంకులమ్మ చీర, పోయినేడు చిరిగింది. అంటే నా ఇంట్లో, నా మాటలకు, నా పెళ్ళాం గుడ్డ పెడుతోంది.

హుసేనమ్మ ప్రతిపాదన పెట్టింది. ఎన్నికలయ్యేదాకా మన రెండు గంటలూ పెట్టె ఆపేద్దాం. పార్టీ ఏమీ మాట్లాడదు. ఇంటింటికీ పోయి చెప్పుకుందాం: మా టైములో గుడ్డ తీయండి, గాలి తీసుకోండి, కిందోళ్ళకు పోనీయండి. ఓటు అడిగేది లేదు.

"పార్టీ అన్నాక మాట్లాడకుంటే అది పార్టీ ఎట్లా అయితాది?" అని లేచాను. "ఎన్నికల ముందు నోరు మూసుకోమంటావా?"

మద్దిలేటి గుడ్డ ఉండ ఒకటి చేతిలో తిప్పుతూ అన్నాడు. "ఇరవై ఆరేండ్లు మాట్లాడి మాట్లాడి ముప్పై ఒకటి నుంచి మూడుకొచ్చినాం. గమ్మునుంటే ఇంకేం పోతాది?"

ఇరవై ఏడు చేతులు లేచాయి. నాది లేవలేదు. ఇంటికి వెళ్ళి సుంకులమ్మను అడిగాను.

"ఏమే, నా మాటలు అంత కంపరంగా ఉన్నాయా?"

"గొట్టంలో నువ్వు, మంచం మీద నువ్వు" అంది రొట్టె తడుతూ. "ఒక్క చోటన్నా ఇడిసిపెట్టు."

ఎన్నికలకు ఇరవై అయిదు రోజులు

పొద్దున ఏడు కొట్టగానే వీధంతా గొట్టాల మూతుల దగ్గర చేతులు కనబడుతున్నాయి. గుడ్డలు తీస్తున్నారు. పక్కింటి ఆయన కేకేస్తున్నాడు, "పైనేల పార్టీ టైం అయింది, తీయండప్పా తీయండి." చల్లటి గాలి గుప్పున వీధిలోకి వచ్చింది. జనం గుమ్మాల్లో చాపలు వేసుకుని కూర్చుంటున్నారు. పిండి రుబ్బుకునేవాళ్ళు రోళ్ళు బయటికి లాక్కొచ్చారు. ఆ రెండు గంటల్లో ఎవరితో ఎవరైనా మాట్లాడుకుంటున్నారు. నాకు గుర్తున్నంతలో మా వీధిలో అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు.

ఆరో అంతస్తులో గాలిముల్లు ఏడు నుంచి తొమ్మిదికి వచ్చింది. సంతోషించాలి. సంతోషించాను కూడా, ఒక్క నిమిషం. తర్వాత కడుపులో మంట మొదలైంది. నేను నాలుగు వేల ఇళ్ళకు నాలుగు వేల రకాలుగా మాటలు అల్లిన మనిషిని. ఈమె ఏ మాటా అనకుండా వాళ్ళను గుమ్మాల్లోకి రప్పించింది. దీనికి చదువెందుకు, అనుభవమెందుకు? కుర్చీలో ఒక కుండను కూర్చోబెట్టినా గమ్మునే ఉంటుంది కదా.

ఇదే మాట మద్దిలేటితో అన్నాను. "కుండకు గొట్టాల్లో గుడ్డలుండేది తెలుస్తాదా?" అన్నాడు. వాడితో మాట్లాడటం మానేశాను.

ఎన్నికలకు పద్నాలుగు రోజులు

చలువ పార్టీకి భయం పట్టుకుంది. వాళ్ళ పెట్టె ఇప్పుడు రెట్టింపు మాట్లాడుతోంది. "గాలి ఇచ్చేది మేము, మాటలు రానిది వాళ్ళకు" అని. వాళ్ళు ఎంత ఎక్కువ మాట్లాడితే జనం అంత గట్టిగా గుడ్డలు కుక్కుతున్నారు, మా ఏడు గంటల కోసం అంతగా ఎదురు చూస్తున్నారు. ఇంత చక్కని ఎత్తు నేను నా జన్మలో వేయలేదు. వేసింది నేను కాదన్నదే నా బాధ.

ఈ రోజు మజ్జిగ పోస్తుంటే అయిదో అంతస్తు ఆడమనిషి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు హుసేనక్క పార్టీలో పని చేస్తాండావు గదప్పా?" అంది. హుసేనక్క పార్టీ! నేను ఈ పార్టీలో చేరేనాటికి హుసేనమ్మ పేరు ఆమె వీధిలోనే ఎవరికీ తెలియదు. ఆమె ముంతలో మజ్జిగ తక్కువ పోశాను. అంత నీచుణ్ణయ్యాను.

ఆమెను ద్వేషించడానికి ఒక్క కారణం దొరికితే బాగుండు. దొరకడం లేదు. నన్ను "సార్" అంటుంది. నాకు ముందు చాప వేస్తుంది. నిన్న ఇళ్ళకు తిరిగేటప్పుడు ప్రతి గుమ్మంలో, "ఈ సార్ ఇరవై ఆరేండ్లుగా పార్టీని మోస్తాండాడు" అని చెప్పింది. వాళ్ళు నన్ను చూసి తలూపి, ఆమె చేతులు పట్టుకున్నారు.

ఎన్నికలకు ఆరు రోజులు

చేశాను. దాచడానికి ఇది పార్టీ రికార్డు కాదు కదా, రాసేస్తాను.

పొద్దున ఆరున్నరకు ఆఫీసు తెరిచాను. అందరూ ఇంటింటికీ తిరగడానికి పోయారు. పెట్టె మూలన దుమ్ము పట్టి ఉంది. తుడిచాను. తుడవడానికే వచ్చానని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత కూర్చుని నిన్న మధ్యాహ్నం రెండు గంటలు కష్టపడి రాసుకున్న ప్రసంగం అందులో వేశాను. గొంతు ఎవరిది కావాలని పెట్టె అడిగింది. నా గొంతు పెడితే జనం గుడ్డ పెడతారని నాకు తెలుసు. హుసేనమ్మ గొంతు పెట్టాను.

పార్టీ కోసమే అనుకున్నాను. ఆమె మీద జనానికున్న ప్రేమ, దానికి నా మాటలు తోడైతే ముప్పై స్థానాలు వస్తాయనుకున్నాను. అప్పుడు మద్దిలేటి ముందు నిలబడి, "చూశావా, గెలిపించింది మాటలే" అనాలనుకున్నాను. ఏడు కొట్టింది. నాలుగు వేల ఇళ్ళలో, గుడ్డలు తీసిన గొట్టాల్లోంచి, హుసేనమ్మ గొంతు నా మాటలు మొదలుపెట్టింది. "నా ప్రియమైన అక్కచెల్లెళ్ళారా..."

ఇంటికి పరిగెత్తి మా గుమ్మంలో నిలబడి విన్నాను. ఎంత బాగుందో! వీధిలో రోళ్ళ చప్పుడు ఆగిపోయింది. ముగ్ధులై వింటున్నారనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే లేచి లోపలికి వెళ్ళారు. చాపలు చుట్టుకుపోయారు. పక్కింటి ఆయన లుంగీ ముక్క ఉండ చుట్టి గొట్టంలో కుక్కాడు, మోచేత్తో పొడిచి మరీ కుక్కాడు.

ఎన్నికలకు అయిదు రోజులు

నిన్న కుక్కిన గుడ్డలు ఈ రోజు ఏడు గంటలకు కూడా ఎవరూ తీయలేదు. పెట్టె ఆపేసే ఉంది, అయినా తీయలేదు. ఈమె కూడా అందరిలాంటిదే అనుకున్నారు. ఇరవై ఎనిమిది రోజులు ఆమె తీయించినవన్నీ ఒక్క రోజులో మళ్ళీ గొట్టాల్లోకి పోయాయి. పాతవాటి కంటే గట్టిగా.

ఆరో అంతస్తులో గాలిముల్లు మధ్యాహ్నానికి అయిదున్నర. లింగమయ్య అనే ముసలాయన నీళ్ళ కుళాయి దగ్గర బిందె పట్టుకునే పడిపోయాడు. ఆసుపత్రిలో గాలితొడుగు పెట్టారు. బతుకుతాడంటున్నారు, ఎప్పటికి లేస్తాడో చెప్పడం లేదు. నేను ఆసుపత్రి వరండా దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

హుసేనమ్మ సాయంత్రం ఆఫీసుకు వచ్చి పెట్టె ముందు నిలబడింది. దాని మీద దుమ్ము లేదు. నా వైపు చూసింది. "రేపు ఆరో అంతస్తులో అందరినీ కలుస్తాం సార్. మీరు గూడా రండి" అని వెళ్ళిపోయింది.

ఎన్నికలకు నాలుగు రోజులు

ఆరో అంతస్తు చావడిలో అయిదారు వందల మంది. ఊపిరి బరువుగా ఉంది. పై అంతస్తుల వాళ్ళు కూడా వచ్చారు, తిట్టడానికి. హుసేనమ్మ నాపరాతి అరుగు ఎక్కింది.

"మొన్న మీరు విన్నింది మా పెట్టెలోంచే వచ్చింది. గొంతు నాదే. గమ్మునుంటామని మీకు మాటిచ్చి తప్పినాం. లింగమయ్య తాత పడిపోయింది మా వల్లే. తప్పు నాది. పోటీలోంచి తప్పుకోమంటే ఇప్పుడే తప్పుకుంటా. మీరు మాత్రం గుడ్డలు తీయండి, కిందోళ్ళు సచ్చిపోతారు."

ఎవరు చేశారో ఆమెకు తెలుసు. చెప్పలేదు. నాకు గుండెల మీంచి బండ దిగినట్టు ఉండాలి. జనం వైపు చూశాను. ముందు వరసలో ఒకావిడ కళ్ళు ఒత్తుకుంటోంది. ఎవరో, "నువ్వు అట్లాంటిదానివి కాదు లేక్కా" అన్నారు. ఇంకొకరు, "ఇంత మాట ఒప్పుకున్నోళ్ళు యాడుండారు?" అన్నారు. ఒక ముసలమ్మ అరుగు దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకుంది.

నేను చేసిన పాపం. అది కూడా ఆమెకు కీర్తి అయిపోతోంది. అధ్యక్ష పదవి పోయింది, పార్టీ పేరు పోయింది, చివరికి నా తప్పు కూడా నాకు మిగలనివ్వదా ఈ మనిషి? ఒళ్ళు భగ్గుమంది. జనాన్ని తోసుకుని అరుగు దగ్గరికి పోయాను.

"ఆ మాటలు నావి!" అని అరిచాను. "ఒక్క అక్షరం ఆమెది గాదు! రెండు గంటలు కూచుని రాసినా! ఆమె గొంతు నేనే పెట్టినా! ఆమెకు తెలియను గూడా తెలియదు!"

చావడిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. అప్పుడు అర్థమైంది నేనేం అన్నానో. పరిగెత్తుదామంటే చుట్టూ జనం. లింగమయ్య కూతురు ముందుకు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏంటికి చేసినావు?" అంది.

నా దగ్గర నాలుగు వేల రకాల జవాబులు ఉండాలి. ఒక్కటే వచ్చింది.

"ఓర్వలేక."

"ఎవరిని?"

హుసేనమ్మ వైపు చూపించాను. ఆ పిల్ల నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "మా నాయన లేచినాక ఆయనకు చెప్పు ఇదే మాట" అంది. తర్వాత వెనక్కి తిరిగి జనంతో, "ఏం జూస్తాండారు? పోయి గుడ్డలు తీయండి" అని కేకేసింది.

జనం కదిలారు. పోతూ పోతూ ఒకడు ఇంకొకడితో అంటున్నాడు, "పార్టీ మనిషి ఓర్వలేక చేసినా అని ఒప్పుకునేది ఇదే మొదలు చూడడం." వాడు నవ్వాడో, ఉమ్మేశాడో నేను చూడలేదు.

ఎన్నికల మరునాడు

లింగమయ్య నిన్న లేచి కూర్చున్నాడు. వెళ్ళి చెప్పాను. చెవిటివాడు, మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి గట్టిగా చెప్పాల్సి వచ్చింది, వార్డంతా విన్నది.

కార్యవర్గం నన్ను కార్యదర్శి పదవి నుంచి తీసేసింది. తీర్మానం మద్దిలేటి చదివాడు. చదివేటప్పుడు వాడి గొంతులో సంతోషం లేదు, అది ఇంకా మంట. ఆరు నెలలు గొట్టాల పనివాళ్ళతో తిరగాలట. గొంతుపెట్టె తీగలు హుసేనమ్మే తెంపింది.

ఈ రోజు లెక్కింపు. పైనేల పార్టీకి పద్నాలుగు స్థానాలు వచ్చాయి. పేరు నిలబడింది. ఫలితం చెప్పే చోట మా అధ్యక్షురాలు లేదు. అయిదో అంతస్తు గొట్టంలో పని ఉందని పోయిందట. నేను వెతుక్కుంటూ వెళ్ళాను. గొట్టంలోంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి.

"అక్కా, పద్నాలుగు" అన్నాను.

"అట్లనా" అంది లోపలి నుంచి. "కింద ముల్లు ఎంతుంది?"

"పదకొండు."

"అబ్బ! ఇంకొకటి రావల్ల." మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.

నేను అక్కడికి పరిగెత్తుకొచ్చింది అది చెప్పడానికి కాదు. దారిలో ఒక మాట విన్నాను, అది ఆమెకు చెప్పాలి, చెప్పి ఆమె ముఖం చూడాలి. "అక్కా, నాలుగో అంతస్తులో అరవై ఓట్లతో గెలిచినాం. వాళ్ళు నిన్ను చూసి వేయలేదంట. కంబగిరి నిజం ఒప్పుకున్నాడని వేసినారంట."

గీకుడు ఆగింది. ఆమె మెల్లగా వెనక్కి జారి బయటికి వచ్చింది. ముఖమంతా బూడిద రంగు దుమ్ము. ఆ దుమ్ములో నేను వెతికాను. ఒక చిన్న ముడుత, పెదవి మీద ఒక విరుపు, ఏదైనా సరే. ఇన్ని రోజులు నేను పడినదాంట్లో ఒక్క రవ్వ ఆమె కూడా పడితే చాలనుకున్నాను.

"నిజంగానా?" అంది. కళ్ళు మెరిశాయి. మొదటిసారి సార్ అనలేదు. "మళ్ళా చెప్పు కంబగిరీ. ఎవరెవరు అన్నారు? ఎట్లన్నారు? అంతా చెప్పు."

నేలమీద బాసింపట్టు వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నా గురించి జనం అన్న మంచి మాటలు ఒక్కొక్కటీ నాతో చెప్పించుకుంది. ఒక్కో మాటకూ పొంగిపోయింది. ఎంత వెతికినా ఆ ముఖంలో అసూయ అన్నదే లేదు. మనిషికి అంత హాయి ఎట్లా అబ్బుతుందో నాకు తెలియదు. ఇన్ని రోజుల్లో ఆమెను చూసి నేను అంతగా కుళ్ళుకున్నది ఎప్పుడూ లేదు.